పనివేళల్లో ఉపద్రవం

చెప్పకుండా వచ్చే ఉపద్రవాన్ని చెప్పి వచ్చేలా చేయడమే నాగరికత. ఈ సత్యం తలకెక్కిన వెంటనే ప్రభుత్వం ఉపద్రవాల ముందస్తు నిర్ధారణ శాఖను స్థాపించింది. (స్థాపించిన సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.)

ఆ శాఖతో ఇంట్లో బట్టలు కుట్టుకునే ఒక తల్లికి పని పడింది. ఆమె ఎనిమిదేళ్ల కూతురికి మేనమామ ముద్దుగా పెట్టిన పేరు పిడుగు. డాక్టరు అదే సంగతిని ఇంకాస్త పొడుగ్గా రాసిచ్చాడు. పిల్ల మనసు వెన్న. కానీ ఉన్నట్టుండి లోపల ఏదో తెగుతుంది. అప్పుడు చేతికి అందిందల్లా గోడకేసి కొడుతుంది, తన తలతో సహా. అందుకే ఆ ఇంట్లో కత్తెరలు బీరువా మీద ఉంటాయి, తలుపులకు లోపలి గడియలు ఉండవు, గాజు గ్లాసు అనేది చుట్టాల ఇళ్లలో చూసే వస్తువు.

శిక్షణ పొందిన సహాయకురాలు పక్కన కూర్చుంటేనే పిల్లను ఉంచుకుంటామని బడివాళ్లు తేల్చేశారు. సహాయకురాలిని ఇచ్చేది శాఖ. నిబంధన ఒక్కటే: ఉపద్రవం అధికారి కళ్లెదుట, పనివేళల్లో జరగాలి. (భోజన విరామంలో జరిగినవి చెల్లవు.)

తల్లి మాత్రం తన ఏర్పాట్లు తాను చేసుకుంది. ఉపద్రవం వచ్చినట్టు నటిస్తూ కూతురితో కలిసి రోజూ కసరత్తు చేసేది: ఫ్యాను ఆపాలి, కర్టెను వేయాలి, దిండు అందించాలి, కాస్త దూరంగా కూర్చోవాలి, ప్రశ్నలు వేయకూడదు. ఒకరోజు అరిచే వంతు కూతురిది, మర్నాడు తల్లిది. తల్లికి అరవడం చేతకాదని పిల్ల అభిప్రాయం.

అధికారి చెప్పిన వేళకే వచ్చి కుట్టుమిషను పక్కన కుర్చీలో స్థిరపడ్డాడు. పిడుగు ఆయనకు స్టీలు గ్లాసుతో మంచినీళ్లిచ్చింది. తర్వాత ఓ మూల కూర్చుని బొత్తాలను రంగులవారీగా వేరు చేసింది. అంత బుద్ధిగా ఆ పిల్ల పుట్టాక ఎన్నడూ లేదు. ఇలాగైతే సహాయకురాలు రాదని తల్లికి భయం పట్టుకుంది. ఏదో ఒకటి విసిరెయ్యి తల్లీ అని లోలోపల మొక్కుకుంది, మొక్కుకున్నందుకు సిగ్గుతో చచ్చిపోయింది. అయినా లేచి వెళ్లి ఖాళీ మిక్సీ తిప్పింది. మామూలుగా ఆ చప్పుడుకి ఇల్లు ఎగిరిపోతుంది.

"ఆపమ్మా, పాపం ఆయనకి తలనొప్పొస్తుంది," అంది పిల్ల, చెవులు మూసుకుని.

ఉపద్రవం హాజరు కాలేదని అధికారి రాసుకున్నాడు. మళ్లీ తనిఖీ వచ్చే ఏడాదేనట.

"అప్పటిదాకా బడి సంగతేంటి సార్?"

"అది మా శాఖ కాదమ్మా."

ఇన్నాళ్లుగా పళ్ల బిగువున ఆపుకున్నదంతా ఆమెలో కట్ట తెంచుకుంది. దారపు ఉండల డబ్బా గోడకు తగిలి పగిలింది. ఏమని అరిచిందో ఆమెకే తెలియదు. అరిచి అరిచి నేల మీద కూలబడి ఏడ్చింది.

పిడుగు లేచింది. ఫ్యాను ఆపింది. కర్టెను వేసింది. దిండు తెచ్చి తల్లి ఒళ్లో పెట్టి, కాస్త దూరంగా కూర్చుంది. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ఏడుపు సన్నగిల్లాక మాత్రం మెల్లగా అంది:

"ఇవాళ బాగా అరిచావమ్మా."

అధికారి ఇదంతా చూశాడు. ఆయనా మనిషే. అందుకే రాసింది కొట్టేసి, ఎంతో ఉదారంగా మళ్లీ రాశాడు: ఉపద్రవం నిర్ధారణ అయినది. అయితే శిక్షణ పొందిన సహాయకురాలు ఇంట్లోనే ఉన్నందున వేరొకరిని ఇవ్వనవసరం లేదు. బడిలో పాప పక్కన ఆ పాపనే కూర్చోబెట్టవలెను.