పసుపు కాగితాల పథకం

పోయిన మార్చిలో మా హార్డ్‌క్లఫ్ ఆసుపత్రి ఏడో వార్డు గోడకు ఒక ప్రకటన అంటించారు. అక్షరాలు కుదురుగా నిలవని నర్సింగ్ విద్యార్థులకూ, చేతులు చెప్పిన మాట వినని నర్సింగ్ విద్యార్థులకూ ప్రభుత్వం అండగా నిలుస్తుందని, ఆ అండను సహాయ మంత్రి పెరెగ్రిన్ టాఫ్ట్ గారు గురువారం ఉదయం పది గంటలకు స్వయంగా తెచ్చి ఇస్తారని అందులో ఉంది. ప్రకటన తెల్ల కాగితం మీద, ఆవగింజలంత అక్షరాలతో ఉంది. మా విద్యార్థిని టామ్సిన్ దాని ముందు పావుగంట నిలబడి, చివరికి నన్నడిగింది.

"విన్నీ బామ్మా, ఇందులో ఏముంది?"

"నీకేదో సాయం చేస్తారట తల్లీ" అన్నాను.

నేను ఆ వార్డులో ముప్పై ఒక్క ఏళ్ళుగా టీ బండి తోస్తున్నాను. పదిహేనో ఏట బడి మానేసి నూలు మిల్లుకు వెళ్ళినదాన్ని. చదువు పెద్దగా అబ్బలేదు గానీ, ఎవరి టీలో ఎన్ని చెంచాల చక్కెరో మాత్రం చచ్చిపోయినవాళ్ళవి కూడా గుర్తే. నా కాలంలో ఆరుగురు మంత్రులు ఆ వార్డుకొచ్చారు. ఒకాయన మరుగుదొడ్డి తలుపుకున్న రిబ్బను కత్తిరించి, చప్పట్లు కొట్టించుకుని వెళ్ళారు. అది మరమ్మతు కోసం మూసి కట్టిన రిబ్బనని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆరుగురూ మహానుభావులే.

టామ్సిన్ సంగతి చెప్పాలి. తెల్ల కాగితం మీద నల్ల అక్షరాలు ఆ పిల్లకి నీళ్ళలో చేపపిల్లల్లా కదులుతాయి. దాన్ని డిస్లెక్సియా అంటారు. కుడీ ఎడమా తడబడడం, చేతిలో కప్పు జారడం, అదేమో డిస్‌ప్రాక్సియా. చదవడానికి ఇబ్బంది పడేవాళ్ళకి వెతికి వెతికి ఇలాంటి పేర్లు పెట్టిన పెద్దలకి దణ్ణం పెట్టాలి. టామ్సిన్ నా కప్పులు తొమ్మిది పగలగొట్టింది. మందు మాత్రం ఒక్కటంటే ఒక్కటి తప్పు ఇవ్వలేదు. తన మీద తనకు నమ్మకం లేక ప్రతిదీ మూడుసార్లు చూసుకుంటుంది. ఎడమ ఏదో తెలియడానికి ఎడమ బూటుకి ఆకుపచ్చ లేసు కట్టుకుంది.

ఆ పిల్లకి కావలసింది ఒక్కటే. డ్యూటీ మారేటప్పుడు చేతికిచ్చే రోగుల వివరాలు పసుపు కాగితం మీద, పెద్ద అక్షరాలతో ఉండాలి. అప్పుడు చేపపిల్లలు నిలబడతాయి. మా వార్డు పెద్ద నర్సు సిస్టర్ ఊనా తన ఇంటి నుంచి ఒక కట్ట తెచ్చింది, అది అయిపోయింది. ఆ తర్వాత జరిగిన మందుల పరీక్షలో తెల్ల కాగితమే ఇచ్చారు. టామ్సిన్ వరుస తప్పి మధ్యలో ఆగిపోయింది. రెండో పరీక్ష మంత్రిగారు వచ్చే గురువారమే, ఆ పది గంటలకే. సిస్టర్ పక్కన నిలబడి చూస్తుండగా పది మంచాలకీ మందులు తనే ఇవ్వాలి. ఈసారి తప్పితే ఇంటికే. మూడేళ్ళ చదువు గంగపాలు.

అందుకే, పథకం పనుల మీద ప్రభుత్వ ఆఫీసు నుంచి క్రిస్పిన్ వాడ్ గారు దిగినప్పుడు మేమంతా సంతోషించాం. ఆయన మెడలో నాలుగు గుర్తింపు బిళ్ళలు వేలాడుతున్నాయి, నాలుగింటి మీదా ఆయన ఫొటోనే.

"నీకేం కావాలో మొహమాటం లేకుండా చెప్పమ్మా" అన్నారు.

"పసుపు కాగితం సార్."

"అది సరే. ఇంకా పెద్దగా ఆలోచించు."

"పెద్ద అక్షరాలు సార్."

వాడ్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "ఎంత నిరాడంబరత!" అని, సంచిలోంచి ఇరవై ఎనిమిది పేజీల దరఖాస్తు తీసి ఇచ్చారు.

"ఇది తెల్లగా ఉందే సార్?"

"పసుపుది కావాలంటేనే కదమ్మా ఇది నింపేది."

"నేను చదవలేను కదా సార్."

"ఆ ముక్క పన్నెండో పేజీలో రాయి."

సిస్టర్ ఊనా ఐర్లండు మనిషి, నోరు గట్టిది. ఆ రోజు మాత్రం ఎవరినీ తిట్టకుండా మా టీ విరామంలో దరఖాస్తు చదివి, నింపి పెట్టింది, నేను బిస్కెట్లు అందించాను, టామ్సిన్ సంతకం చేసింది. ఆశ్చర్యం ఏమిటంటే, మంగళవారానికల్లా కాగితాలు వచ్చేశాయి! రెండు పెద్ద కట్టలు, వెన్నలాంటి పసుపు. టామ్సిన్ ఒక కట్టని చంటిబిడ్డలా ఎత్తుకుంది. అలా ఎత్తుకున్న కట్టని వాడ్ గారు సున్నితంగా తన చేతుల్లోకి తీసుకున్నారు.

బుధవారం సాయంత్రానికి వార్డంతా పసుపు తోరణాలు. కిటికీలకి పసుపు జెండాలు. తలుపు మీద "పసుపు కాగితం మీ హక్కు" అని పసుపు కాగితాల్లోంచి అక్షరాలు కత్తిరించి అంటించారు, ఒక్కో కాగితానికి ఒక్కో అక్షరం.

"వాడ్ గారూ, పది కాగితాలు మిగిల్చారా? రేపు ఈ పిల్ల పరీక్ష" అంది సిస్టర్.

"పదేం ఖర్మ, పన్నెండు మిగిలాయి సిస్టర్! మంత్రిగారి పూలగుత్తికి చుట్టేశాం."

"తోరణాల్లోంచి పీక్కోమంటారా?"

"అయ్యో, అన్నీ త్రికోణాలుగా కత్తిరించాం కదండీ."

సిస్టర్ ఐర్లండు భాషలో ఏదో అంది. వాడ్ గారు థాంక్స్ చెప్పారు.

గురువారం. బయట వాన. మంత్రిగారు అరగంట ముందే వచ్చి నా బండి పక్కన కుర్చీలో కూర్చున్నారు. మూడు చెంచాల చక్కెర, పాలు తక్కువ. మనిషి మర్యాదస్తుడు. సాసరు కూడా తనే పట్టుకున్నారు. ఆయన సెక్రటరీ అమ్మాయి చేతిలోని కాగితాల కట్టని నా బండి మీద పెట్టి ఫోనులో పడింది. చూద్దును కదా, అన్నీ పసుపు కాగితాలు! ఒక్కో కాగితం మీద నాలుగైదు వాక్యాలు, అక్షరాలు చింతగింజలంత.

"ఎంత ముచ్చటగా ఉన్నాయమ్మా ఈ కాగితాలు!" అన్నాను.

"సార్ ప్రసంగం. తెల్ల కాగితమైతే సార్‌కి కళ్ళు చెదురుతాయండీ. ఒకసారి అన్నారంతే, మర్నాటి నుంచి అన్నీ పసుపే."

"దరఖాస్తు ఎన్ని పేజీలు నింపారు తల్లీ?"

"దరఖాస్తా? దేనికి?"

ఆ అమ్మాయి మంత్రిగారిని ఫొటోలకి తీసుకెళ్ళింది. నేను కట్ట తిరగేశాను. పది కాగితాలు. వెనకవైపు అంతా ఖాళీ. బండి తోసుకుంటూ నేరుగా సిస్టర్ దగ్గరికి వెళ్ళాను.

సిస్టర్ కట్ట వంకా, నా వంకా చూసింది. "ఇది దొంగతనం విన్నీ."

"టీ బండి మీద పెట్టినవి టీ బండివే సిస్టర్."

"నీకు నరకంలో చోటు ఖాయం" అంటూ కట్టని ప్రింటర్లో పెట్టింది. వెనకవైపు రోగుల వివరాలు పెద్ద అక్షరాలతో, మంచానికొక కాగితం చొప్పున వచ్చాయి. పేర్లు లేవు, మంచం నంబర్లే.

పది కొట్టింది. సిస్టరూ టామ్సినూ ఎర్ర ఏప్రన్లు కట్టుకున్నారు. మందులిచ్చే వేళ మా నర్సులు కట్టుకునేవి అవి. "మందుల వేళ. దయచేసి పలకరించవద్దు" అని వాటి మీద అరచేతులంత అక్షరాలతో ఉంటుంది. నేను కూడా చదవగలను, అంతకన్నా ఏం చెప్పను.

అక్కడ మంత్రిగారు మైకు ముందు నిలబడి చెయ్యి చాచారు. చేతిలోకి ఏమీ రాలేదు. సెక్రటరీ అమ్మాయి పరిగెత్తుకొచ్చింది.

"అమ్మా, ప్రసంగం ఏది?"

నేను అబద్ధమాడను. "అదుగో, ఆ ఎర్ర ఏప్రన్ పిల్ల చేతిలో."

మంత్రిగారే స్వయంగా వచ్చారు, ఫొటోగ్రాఫరుతో సహా. "హలో టామ్సిన్! నీ కష్టం మా కష్టం!"

టామ్సిన్ తిరగలేదు. రెండో మంచం మాత్రలు లెక్కపెడుతోంది.

"నీ గొంతు మేం వింటున్నాం టామ్సిన్!"

ఆ పిల్ల రెండోసారి లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

"ఈమెకి చెవులు కూడానా?" అన్నారు మంత్రిగారు గుసగుసగా.

"డిస్లెక్సియా ముదిరితే చెవులకి పాకుతుందేమో సార్, కనుక్కుంటాను" అన్నారు వాడ్ గారు.

సిస్టర్ తన ఏప్రన్ మీది అక్షరాలని వేలితో చూపించింది. సెక్రటరీ అమ్మాయి చదివి వినిపించింది. మంత్రిగారు మర్యాదస్తుడని చెప్పాను కదా, టామ్సిన్ వెనక నిలబడ్డారు. ఆయన వెనక సెక్రటరీ. ఆమె వెనక వాడ్ గారు.

మా ఊరివాళ్ళ సంగతి మీకు తెలిసిందే. ముగ్గురు ఒకరి వెనక ఒకరు నిలబడితే చాలు, నాలుగోవాడు దేనికని అడక్కుండా వచ్చి చేరతాడు. చుట్టాల్ని చూడ్డానికి ద్రాక్షపళ్ళతో వచ్చినవాళ్ళు చేరారు. కిటికీ బాగుచేసేవాళ్ళు చేరారు. చేతికి కట్టుతో పక్క వార్డు నుంచి ఒకాయన చేరాడు. టామ్సిన్ ఒక్కో మంచం జరిగితే వరసంతా జరుగుతోంది. ఆరో మంచం దగ్గరికొచ్చేసరికి తోక లిఫ్టు దాకా వెళ్ళింది.

"దేనికండీ ఈ వరస?"

"తెలీదండీ. ముందు మంత్రిగారున్నారు, మంచిదే అయ్యుంటుంది."

"అయితే సరే. ఏమండోయ్, మీరు నా ముందుకి జరక్కండి."

ఏడో మంచం దగ్గర టామ్సిన్ మోచెయ్యి మంచం కమ్మీకి తగిలింది. గిన్నె ఒరిగి రెండు మాత్రలు నేల మీద పడ్డాయి. వెనక మంత్రిగారు దగ్గారు. ఆ పిల్ల కళ్ళు మూసుకుని, తెరిచి, పడినవి పక్కన పడేసి, పసుపు కాగితం మీద వేలు పెట్టి మొదటి నుంచి మళ్ళీ చదువుకుంది. కొత్తవి తీసింది. మూడుసార్లు చూసింది. ఇచ్చింది. ఎనిమిదో మంచం ఆవిడకి ఎడమ కంట్లో చుక్కలు వెయ్యాలి. వంగి తన ఆకుపచ్చ లేసు చూసుకుని, ఆవిడ పక్కకి వెళ్ళి ఆవిడ చూస్తున్న వైపే తిరిగి నిలబడి, ఎడమ ఏదో తేల్చుకుని, వేసింది.

పదకొండుకి పది నిమిషాలు ఉండగా పదో మంచం అయింది. సిస్టర్ అక్కడికక్కడే పుస్తకంలో సంతకం పెట్టింది. "పాసయ్యావే పిల్లా. ఇక ఏడువు."

టామ్సిన్ ఏడవలేదు. ఏప్రన్ విప్పి, వెనక్కి తిరిగి, కాగితాల కట్టని రెండు చేతులతో మంత్రిగారికి అందించింది. "క్షమించండి సార్, ఆలస్యమైంది. ఇవి మీవే కదా?"

ఆమె ఎలా పట్టుకుందో ఆయన అలాగే తీసుకున్నారు. మైకు దగ్గరికెళ్ళి, గొంతు సవరించుకుని, గంభీరంగా చదవడం మొదలుపెట్టారు.

"ఒకటో మంచం. రెండు రోజులుగా విరేచనం లేదు. మధ్యాహ్నం చూసి మందు పెంచాలి."

సిస్టర్ మొహం చేతుల్లో దాచుకుంది. వరసలోని జనం చప్పట్లు కొట్టారు.

"నాలుగో మంచం. కస్టర్డు తప్ప ఏమీ తినడం లేదు. ఏడో మంచం. ఒంటరిగా నడవనివ్వకూడదు."

మరింత గట్టిగా చప్పట్లు. వాడ్ గారు నోట్సు రాసుకుంటున్నారు. పది కాగితాలూ ఒక్క తప్పు లేకుండా, చక్కటి విరామాలతో చదివారు మంత్రిగారు. ఒకటో మంచం ఎంట్‌విసిల్ ముసలమ్మ దిండు మీంచి లేచి కూర్చుంది.

"ఎనభై మూడేళ్ళొచ్చాయి విన్నీ, నా కడుపు గురించి పట్టించుకున్న మంత్రి ఇతనొక్కడే! నా ఓటు ఇతనికే."

మర్నాడు పత్రికలో "వాస్తవాలతో మాట్లాడిన మంత్రి" అని పెద్ద వార్త వచ్చింది. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. ఈ చారిత్రక ప్రసంగాన్ని పసుపు కాగితాల మీద, పెద్ద అక్షరాలతో ప్రతి వార్డు గోడకీ అంటించాలి, నెల నెలా కొత్తవి మార్చాలి. అదే టపాలో టామ్సిన్ దరఖాస్తు తిరిగొచ్చింది. పసుపు కాగితాలు నిండుకున్నాయి, ఇప్పట్లో ఇవ్వడం కుదరదని రాశారు.

టామ్సిన్ ఇప్పుడు మూడో వార్డులో నర్సు. నెల మొదటి సోమవారం వాడ్ గారి మనుషులు వచ్చి ఆసుపత్రి అంతటా కొత్త ప్రసంగాలు అంటిస్తారు. వాళ్ళ కన్నా ఒక వార్డు ముందు నేను టీ బండితో వెళ్ళి పాతవి ఊడదీస్తాను. వార్డుకి పది కాగితాల చొప్పున పద్నాలుగు వార్డులు. టామ్సిన్‌కి నెలంతా సరిపోతాయి. ముందువైపు ఏముందో మేం చూడం. వెనకవైపు ఎప్పుడూ ఖాళీయే.