మూతలాయన ఇంటర్నెట్టు ఎంచుకున్న విధం

శనివారం పొద్దున మూతలాయన ఇంట్లో ఉన్నది ఒక్కటే పని, ఇంటర్నెట్టు మాట్లాడటం. పది నిమిషాల్లో తేలిపోతుందని ఆయన భార్య అనుకుంది. కంపెనీకి ఫోన్ చేసి, పేరూ ఇంటి నంబరూ చెప్పి, మనిషి ఎప్పుడొస్తాడో కనుక్కుంటే సరి. ఆ తర్వాత నింపాదిగా బట్టలు ఉతుక్కోవచ్చు.

తొందరంతా ఆమెదే. ఈ పరాయి దేశానికి వచ్చి ఏడు నెలలైంది. లైబ్రరీలో సాయంత్రం పూట చెప్పే తరగతులకు వెళ్లి ఇక్కడి భాష నేర్చుకుంది. ఆ భాష ఆమెకు ఒక ఉద్యోగం తెచ్చిపెట్టింది. ఇంట్లోనే కూర్చుని, ఒక పళ్ల ఆసుపత్రికి వచ్చే ఫోన్లు ఎత్తి, వచ్చే రోగులకు వేళలు ఇవ్వాలి. బుధవారం నుంచి పని. ఆసుపత్రి మేనేజరమ్మ ఒకటే షరతు పెట్టింది. ఇంట్లో సొంత ఇంటర్నెట్టు ఉండాలి. మంగళవారం సాయంత్రం ఐదింటికి తను ఫోన్ చేసి పరీక్షిస్తుంది. మధ్యలో మాట తెగిందా, ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఇప్పటిదాకా మొగుడూ పెళ్లాలు సెల్‌ఫోన్ సిగ్నల్‌తోనే నెట్టుకొచ్చారు. ఆ సిగ్నల్ వంటింటి కిటికీలోంచి చెయ్యి బయటికి చాపితేనే అందేది.

"మన బిల్డింగుకి వచ్చేవి మూడే కంపెనీలటండీ. పచ్చ బొమ్మది, నీలి బొమ్మది, నారింజ బొమ్మది. ఏదో ఒకటి పెట్టించేద్దాం" అంది.

"ఏదో ఒకటా?" అన్నాడు మూతలాయన, టీ కప్పు కింద పెట్టేసి.

ఆయన సీసా మూతలు తయారుచేసే ఫ్యాక్టరీలో తనిఖీ ఉద్యోగి. వంద మూతలు వస్తే పది తీసి తిప్పి చూస్తాడు. అందుకే రెండు వైపుల చుట్టాలూ చాటుగా ఆయన్ని మూతలాయన అంటారు. వంద మూతలకి పది చాలు గానీ ఇంటి విషయాల్లో ఆయనకు వందకి వందా కావాలి. ఇస్త్రీ పెట్టె కొనడానికి పదిహేడు మందిని అడిగాడు. అడగడం పూర్తయ్యేసరికి ఆ కంపెనీ ఆ రకం చేయడమే మానేసింది. పెళ్లికి ముందు తన గురించి ఎంతమందిని అడిగి ఉంటాడో ఆమెకు తెలుసుకోవాలని ఉండేది. సంసారం సాఫీగానే సాగుతోంది కదా అని ఊరుకుంది.

"ఈ బిల్డింగులో మనది కాక నలభై ఇళ్లున్నాయి. నలభై ఇళ్లవాళ్లూ ఏదో ఒకటి వాడుతూనే ఉంటారు. వాళ్లని అడిగితే నిజం తెలుస్తుంది. నువ్వు నాకు ఐదు ప్రశ్నలు ఇక్కడి భాషలో నేర్పు చాలు."

ఆమె నేర్పింది. తర్వాత ఆ సంగతి తలచుకుని చాలాసార్లు నాలుక కరుచుకుంది. మీది ఏ కంపెనీ? నెలకి ఎన్నిసార్లు ఆగిపోతుంది? సాయంత్రం పూట ఎలా ఉంటుంది? పిలిస్తే మనిషి వస్తాడా? కంపెనీ మార్చాలని ఉందా? ఆయన స్నానాల గదిలో అద్దం ముందు నిలబడి ఐదూ వల్లె వేశాడు. బయట చలిగా ఉందని ఫ్యాక్టరీ నీలం కోటు తొడిగాడు. ఆ కోటుకి గుర్తింపు కార్డు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. రాసుకోవడానికి ఫ్యాక్టరీ ఫారాలే అట్టకు పెట్టుకున్నాడు. వాటిలో గళ్లు ముందే గీసి ఉంటాయి. వరస సంఖ్య, లోపం, ఎన్నిసార్లు, సంతకం.

"సంతకం ఎందుకండీ?"

"గడి ఖాళీగా వదిలేస్తే బావుంటుందా?" అని మెట్లెక్కాడు.

ఆమె కూర్చుని "నమస్కారం, పళ్ల ఆసుపత్రి. నొప్పి ఎన్నాళ్ల నుంచండీ?" అని గొంతు సవరించుకుంటూ సాధన చేసుకుంది. గంట గడవకముందే తలుపు గంట మోగింది. రెండో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ మెడలో టేపుతో నిలబడి ఉంది.

"మీ ఆయన మా ఇంటికొచ్చి రాసుకెళ్లారమ్మా. ఎప్పుడు బాగుచేస్తారో చెప్పలేదు."

"ఏం బాగుచేస్తారండీ?"

"నెట్టు! మూడు నెలల నుంచి మొత్తుకుంటున్నా. ఇన్నాళ్లకి మనిషిని పంపించారు. ఎంత ఓపికమ్మా ఆయనకి! నేను అరగంట చెప్పుకున్నా ఒక్క మాట అడ్డం రాలేదు. అంతా విని, 'రాసుకున్నాను, చూస్తాం' అన్నారు."

కోటూ కార్డూ అట్టా చూసి జనం ఆయన్ని కంపెనీ మనిషనుకుంటున్నారని ఆమెకు అర్థమైంది. ఇక్కడి భాషలో మూతలాయనకు తడుముకోకుండా వచ్చినవి అంకెలూ, ఫ్యాక్టరీలో రోజుకి వందసార్లు అనే ఆ రెండు మాటలూ. జనం ఎంత గోడు వెళ్లబోసుకున్నా ఆయనకు అందేది అందులోని అంకె ఒక్కటే.

నిజం చెప్పబోయింది. ఇంతలో నాలుగో అంతస్తు నుంచి బస్సు తాతగారు దిగారు. ముప్పై ఏళ్లు బస్సు నడిపి రిటైరైన మనిషి. జ్వరం వచ్చిన పసిపిల్లను తెచ్చినట్టు తువ్వాలులో చుట్టి ఒక డబ్బా తెచ్చారు. ఇంట్లో దీపాలు మిణుకుమిణుకుమనే నెట్టు డబ్బా అది.

"తల్లీ, ఇది మీ ఆయనకి ఇవ్వు. తొందరేం లేదు, సాయంత్రానికి చాలు."

"తాతగారూ, ఆయన కంపెనీ మనిషి కాదండీ. ఆయనది మూతల ఫ్యాక్టరీ..."

"అర్థమైందిలే. సెలవు రోజున పనిచేస్తున్నట్టు పైవాళ్లకి తెలియకూడదు. నేను మాత్రం ఎవరికి చెబుతాను!" అని కన్ను గీటి, డబ్బా ఆమె చేతుల్లో పెట్టి వెళ్లిపోయారు.

మధ్యాహ్నానికి భోజనాల బల్ల మీద ఐదు డబ్బాలు చేరాయి. మూతలాయన అలసిపోయి వచ్చినా మొహం వెలిగిపోతోంది.

"ఎంత మర్యాదస్తులోయ్ ఈ బిల్డింగువాళ్లు! కూర్చోబెట్టి మరీ చెప్పారు. మూడో అంతస్తులో ఒకావిడ ఏడ్చింది కూడా."

"ఏడ్చిందా? ఎందుకు?"

"అంత అర్థం కాలేదు. నాలుగుసార్లు అని రాసుకున్నాను."

ఆమె డబ్బాలు చూపించి జరిగిందంతా చెప్పింది. ఇద్దరం వెళ్లి తలుపు తలుపుకీ నిజం చెప్పేద్దామంది. ఆయన ఫారాలు తిరగేశాడు.

"కుదరదోయ్. సంతకాలు పెట్టారు. సంతకం పెట్టిన కాగితం మీద ఏదో ఒక చర్య తీసుకోవాలి."

అలా తీసుకున్న చర్య ఏమిటంటే, మూతలు తుడిచే మెత్తని బ్రష్షుతో డబ్బాలకున్న దుమ్ము దులపడం. తాతగారి డబ్బాలోంచి చిన్న దిండుకి సరిపడా పిల్లి వెంట్రుకలు వచ్చాయి. టైలరమ్మ డబ్బాకి వైరు సగమే గుచ్చి ఉంది, పూర్తిగా గుచ్చాడు. ఆదివారం పొద్దున ఎవరివి వాళ్లకి ఇచ్చేస్తే ఐదింటిలో నాలుగు పనిచేశాయి.

ఇక ఆయన పేరు బిల్డింగంతా మోగిపోయింది. ఆదివారం కూడా వచ్చిన మొట్టమొదటి కంపెనీ మనిషి అన్నారు. మెట్ల మీద ఆపి, మూడింటిలో ఏది మంచిదో చెప్పమన్నారు. అబద్ధం చెప్పడం మూతలాయనకు చేతకాదు. అట్ట చూసి ఉన్నదున్నట్టు చెప్పాడు. "నారింజది నెలకి రెండుసార్లు. నీలిది ఐదు. పచ్చది పదకొండు."

సాయంత్రంలోగా పదిహేను ఇళ్లవాళ్లు నారింజ కంపెనీకి ఫోన్లు చేశారు.

"మనమూ చేసేద్దామండీ, మీ లెక్క తేలింది కదా" అంది ఆమె.

"నలభైకి ముప్పై ఏడే అయ్యాయి. మూడు ఇళ్లు తాళం. రేపు వస్తారట."

"ఆ మూడిళ్లవాళ్లూ మనకి చుట్టాలా?"

"సగం లెక్క లెక్క కాదు."

"ఉద్యోగం పోతే అప్పుడు నా గురించి కూడా రాసుకుంటారా, ఎన్నిసార్లు ఏడ్చిందో?"

ఆయన నొచ్చుకున్నాడు గానీ కదల్లేదు. ఒక్క బిల్డింగు నుంచి అన్ని పిలుపులు వచ్చేసరికి నారింజ కంపెనీ సోమవారం తెల్లవారగానే ఇద్దరు మనుషుల్నీ నిచ్చెననీ పెద్ద వైరు చుట్టనీ పంపింది. రోజంతా బిల్డింగులో డ్రిల్లు మోత. సాయంత్రం ఆ మూడు తాళాలూ తెరుచుకున్నాయి. మూతలాయన నలభయ్యో గడి నింపి, కింద గీత గీసి, తృప్తిగా కిటికీలోంచి చెయ్యి చాపి నారింజ కంపెనీకి ఫోన్ చేశాడు. అవతలి మాట సాగుతున్నకొద్దీ ఆయన మొహం వాడిపోయింది.

"ఏమన్నారు?"

"అంకె అర్థమైంది. ఆరు వారాలు."

ఆమె ఫోన్ లాక్కుని మాట్లాడింది. కింద సెల్లారులో ఆ కంపెనీ పెట్టెకి ఇరవై నాలుగు కనెక్షన్లకే చోటు ఉందట. ఇరవై నాలుగూ ఇవాళ్టితో నిండిపోయాయట. కొత్త పెట్టె రావాలంటే ఆరు వారాలు. ఆమె ఫోన్ బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా వెళ్లి పడుకుంది. ఏదో ఒకటి అని ఉంటే బావుండేదని మూతలాయనకు అనిపించింది.

మంగళవారం పొద్దున ఆయన ఫ్యాక్టరీకి వెళ్లాక ఆమె బట్టల బుట్ట పట్టుకుని సెల్లారులోకి దిగింది. అందరూ వాడే బట్టల మిషన్లు అక్కడే. వాటి పక్క గోడకి మూడు కంపెనీల పెట్టెలూ ఉన్నాయి. పచ్చ చొక్కా మనిషి ఒకడు నేల మీద చతికిలబడి ఒక్కో వైరూ ఊడదీస్తున్నాడు. వాలకం చూస్తే అయినవాళ్లెవరో పోయినట్టున్నాడు.

"ఈ బిల్డింగులో మాకు పదమూడు ఇళ్లుండేవమ్మా. ఒక్క రోజులో పదమూడూ పోయాయి. ఎవరో తనిఖీ ఆఫీసరు వచ్చి ఇంటింటికీ తిరిగి మా మీద రాసుకెళ్లాడట. మీకు తెలుసా ఆయన?"

"ముఖ పరిచయం" అంది ఆమె.

బుట్ట కింద పెట్టింది. ఖాళీగా నోళ్లు తెరుచుకున్న పదమూడు కనెక్షన్ల వంక చూసింది. నీలి పెట్టె వంకా చూసింది గానీ దాని దగ్గర మనిషి లేడు. ఐదింటికి ఇంకా ఏడు గంటలుంది. ఎవరినైనా అడుగుదామన్నా అక్కడ బట్టల మిషను తప్ప ఎవరూ లేరు. ఆ లేకపోవడం ఆమెకు బాగా కలిసొచ్చింది.

"మా ఇంటికి పెడతారా? ఇవాళే కావాలి."

అతను నోరు వెళ్లబెట్టి, చటుక్కున లేచాడు. "ఇవాళ నాకు ఇంకో పనుంటే కదమ్మా! పదండి, ఏ అంతస్తు?"

మూతలాయన నాలుగున్నరకి ఇంటికొచ్చేసరికి బల్ల మీద పచ్చ డబ్బా కూర్చుని ఉంది. ఆయన గబగబా అట్ట తీసి చూశాడు.

"పచ్చదా! నెలకి పదకొండుసార్లు! నా లెక్కలో ఆఖరిదోయ్ ఇది!"

"ఖాళీగా ఉన్నది ఇదొక్కటే. కూర్చోండి, అటూ ఇటూ తిరక్కండి."

ఐదింటికి ఫోన్ మోగింది. ఆమె చెవులకి హెడ్‌ఫోన్ తగిలించుకుని "నమస్కారం" అనేలోపే తలుపు గంట కూడా మోగింది. ఒకసారి కాదు, వరసగా. పనుల్లోంచి ఇళ్లకు చేరిన ఇరవై నాలుగు ఇళ్లవాళ్లు ఒక్కసారిగా నారింజ నెట్టు మీద పడ్డారు. అది నత్తనడక నడిచి, చివరికి నడవడం కూడా మానేసింది. దాంతో సగం బిల్డింగు వీళ్ల గుమ్మం ముందుకొచ్చింది. ముందు వరసలో బస్సు తాతగారు తువ్వాలు మూటతో ఉన్నారు.

"ఏడమ్మా ఆయన? నారింజది మంచిదన్నాడు కదా!"

మూతలాయన తలుపు చాటున అట్ట గుండెలకి హత్తుకుని నిలబడ్డాడు. ఫోన్‌లో మేనేజరమ్మ "ఏమిటా గోల?" అంటోంది. ఆమె గుమ్మం వైపు తిరిగింది. నాలుగు రోజులుగా వల్లె వేసిన మాటలు వాటంతటవే నోటికొచ్చాయి.

"దయచేసి ఒకరి తర్వాత ఒకరండీ. తాతగారూ, మీకు ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది?"

"నాలుగింటి నుంచి తల్లీ."

"ఉండుండి వస్తోందా, ఆగకుండా ఉందా? సరే, శనివారం పదింటికి రండి. మీరు పదింబావుకి. టైలరమ్మగారూ, మీది పైదా, కిందిదా? రెండో అంతస్తు కదూ, పదిన్నర. అప్పటిదాకా దాన్ని కదపకండి."

పది నిమిషాల్లో గుమ్మం ఖాళీ అయింది. వేళ దొరికినవాళ్లంతా, జబ్బు సగం నయమైనట్టు నెమ్మదించి వెళ్లారు. ఆమె అప్పుడు గమనించింది. పదమూడు ఇళ్లు వాడాల్సిన దారిలో తనొక్కతే ఉండటంతో ఫోన్‌లో మాట గాజులా తేటగా వినిపిస్తోంది, ఒక్కసారి కూడా తెగలేదు.

"మీకు ఈ పనిలో ఇంతకుముందే అనుభవం ఉన్నట్టుందే?" అంది మేనేజరమ్మ.

"ఉందండీ, శనివారం నుంచి."

"రేపు తొమ్మిదింటికి మొదలుపెట్టెయ్యండి."

హెడ్‌ఫోన్ తీసేసరికి మూతలాయన ఇంకా తలుపు చాటునే ఉన్నాడు. మెల్లగా వచ్చి, డబ్బా మీద లేని దుమ్ము చేత్తో తుడిచాడు.

"అందరూ బాగా లేదన్నదే మనకి బాగా పనిచేసిందోయ్. ఇలా అవడం నేనొక్కసారే చూశాను."

"ఎప్పుడు?"

"మన పెళ్లప్పుడు. పదకొండు మందిని అడిగాను. తొమ్మిదిమంది వద్దన్నారు."

"వద్దన్నా ఎందుకు చేసుకున్నారు మరి?"

"అప్పటికే నిన్ను చూసేశాను కదా" అన్నాడు ఆయన, డబ్బా తుడుస్తూనే.

ఆమెకు నవ్వొచ్చింది. ఆ తర్వాత, ఆ తొమ్మిదిమంది మాటా సంతకాల గడి ఉన్న ఫారం మీదే రాసి ఉంటాడని తట్టి, ఆ కాగితం కోసం ఆ వారమంతా తీరిక దొరికినప్పుడల్లా అలమరాలు సర్దింది.