ఆర్గను ఆపితే ధబ్

ఆ ఆదివారం పొద్దున, మందిరంలో ఆర్గను వాయించే గురువులు తనకు తాను వేసుకున్న పథకం చిన్నది. తొమ్మిదింటికల్లా చప్పుడు ఎక్కణ్ణించి వస్తోందో కనిపెట్టడం, పదింటికల్లా దాని పని పట్టడం, పదకొండింటికి చేపల బజారుకు వెళ్ళడం.

చప్పుడు ఆర్గనుది. లిలువా రైల్వే కాలనీ రామమందిరానికి ఆ ఎలక్ట్రానిక్ ఆర్గనును భవానీపూర్ బ్యాంకు ఆఫీసరు సోమశేఖర్ బదిలీ అయి పోతూ దానం చేశాడు. ఆఫీసర్లు పనికొచ్చే వస్తువును దానం చేస్తారా అని అప్పుడే ఎవరైనా అనుకోవలసింది. వాయించినంతసేపూ బుద్ధిగా మోగేది. ఆపడానికి స్విచ్ నొక్కితే చాలు, స్పీకరు "ధబ్!" మనేది. పోయిన వారం ఆ దెబ్బకు భజన సంఘం అధ్యక్షుడు కోదండం హారతి పళ్ళెం జారవిడిచాడు.

"ఈ సాయంత్రం కూడా పేలిందంటే నరసింహం హార్మనీ తెచ్చుకుంటాడు. నువ్వు తాళాలు కొట్టుకో" అని గురువులుతో తేల్చేశాడు.

రైలు పెట్టెలు బాగుచేసే వ్యాగన్ షాపులో ఇరవై ఏళ్ళు సుత్తి పట్టిన గురువులు, టీ విరామాలన్నీ మానుకుని ఆరు నెలలు వేళ్ళు తిప్పడం నేర్చుకున్నాడు. మళ్ళీ తాళాలా?

వ్యాగను చప్పుడు చేస్తే ఎక్కడో బోల్టు వదులైనట్టు. ఆయనకు తెలిసిన శాస్త్రం అదొక్కటే. చప్పుడు గట్టిగా వినబడితే జాగా దొరుకుతుందని, ఆర్గను మోత వినిపించే మైకు సెట్టును, రోజూ తగిలించే లోపలి స్పీకరుకు కాక మందిరం కప్పుమీది గొట్టం స్పీకరుకు కలిపాడు. కరెంటును నమ్ముకోలేక ఆ సెట్టును లారీ బ్యాటరీ మీద నడిపేవారు. వాల్యూము పూర్తిగా తిప్పి, ఆర్గను ఆపాడు.

ధబ్!

కాకులు లేచాయి. ఒక మరమేకు బిగించి, మళ్ళీ ఆపాడు. ధబ్! పాన్‌కొట్టు తలుపులు మూసుకున్నాయి. ఇంకో మర. ధబ్! రిక్షాలు వెనక్కి తిరిగాయి. మూడో మర బిగించి ఆర్గను వేశాడో లేదో, పార్టీ ఆఫీసు నుంచి బికాశ్ దాదా ఇరవైమందితో వచ్చిపడ్డాడు.

"కే మార్లో? బాంబులేసింది ఎవరు గురూదా?"

నిజం చెబితే సాయంత్రం భజనకు నరసింహం హార్మనీయే. "నాకేటి తెల్దు దాదా. సప్పుడైతే ఇన్నాను."

"ఎన్ని?"

"మూడు."

"సాక్షి దొరికాడు!" అంటూ దాదా ఆయన భుజం పట్టుకున్నాడు.

అరగంటలో మూడు ఆరయ్యాయి. ఆరుగురు గాయపడ్డారు కూడా, ఎవరన్నది మాత్రం ఎవరికీ తెలియదు. మర్నాడు బంద్ ఖాయమైంది. ముందుగా నిరసన సభ జరగాలి. సభకు మైకు కావాలి. మందిరంలో సిద్ధంగా ఉంది, సభ అక్కడే! పక్కనే ఆర్గను ఇంకా వెలుగుతోంది. ఆపే ధైర్యం గురువులుకు లేదు.

"ఈ బాంబులకు మేం భయపడేది లేదు!" అని దాదా పిడికిలి ఎత్తిన క్షణాన కరెంటు పోయింది. ఆర్గను ఆగింది. బ్యాటరీ మైకు ఆగలేదు.

ధబ్!

భయపడనివాళ్ళందరూ బోర్లా పడ్డారు. దాదా బల్లకిందికి దూరాడు. అక్కడ అప్పటికే కోదండం ఉన్నాడు.

నిలబడి ఉన్నది ప్రసాదం గరిటెతో వచ్చిన గురువులు భార్య దాలమ్మ ఒక్కతే. "ఓలమ్మో, ఏటయ్యా ఇది? పొద్దున్నించీ మా ఆయన ఆ పెట్టితోనే కదా సప్పుడు సేత్తన్నాడు!"

గురువులు కళ్ళు మూసుకున్నాడు. కరెంటు వచ్చాక ఆమె మైకు వాల్యూము పూర్తిగా తగ్గించి, అప్పుడు ఆర్గను ఆపింది. చీమ చిటుక్కుమనలేదు.

"పాలు పొంగితే ముందు మంట తగ్గించాల. మైకు నోరు మూసినాక పెట్టి ఆపు. మరలు బిగిత్తే ఏటౌద్ది?"

దాదా పంచె దులుపుకున్నాడు. ఆరు బాంబుల సంగతి అప్పటికే పై ఆఫీసుకు చేరిపోయింది. "ఈవిడ అన్నది ఎవరూ వినలేదు" అన్నాడు. అందరూ తలలూపారు.

ఆ సాయంత్రం భజన చివర కోదండం రెండు చెవులూ మూసుకుని కూర్చున్నాడు. చప్పుడు కాలేదు. నరసింహం హార్మనీ చంకనెట్టుకుని పోయాడు. మర్నాడు బంద్ సంపూర్ణంగా జరిగింది.

మంగళవారం దాదా ఒక్కడే సందేశ్ మిఠాయి పొట్లంతో మందిరానికి వచ్చాడు. "గురూదా, వచ్చే నెల ఇంకో బంద్ ఉంది. జనంలో వేడి లేదు. ఒక్కసారి ఆ పాత పద్ధతిలో ఆపుతావా?"

అప్పటినుంచి గురువులు ఆర్గనును రెండు రకాలుగా ఆపుతున్నాడు, దేవుడికొకటి, పార్టీకొకటి.