నాలుగు పేర్ల పిల్లి కడుపునొప్పి

గురువారం పొద్దున దేవదాస్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎనిమిదింటికల్లా టీ తాగి, షెడ్డులో కొత్త భీము పోగులను పాత పోగులకు అతికి, మధ్యాహ్నానికి సాంచా నడిపించాలి. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, దానికెక్కించే పడుగు నూలు చుట్టను భీము అంటారు. దేవదాస్‌కు నాలుగు సాంచాలున్నాయి. వాటికంటే ఎక్కువగా తన చేతి ముడి మీద నమ్మకం ఉంది. ముప్పై ఏళ్లలో తాను వేసిన ముడి ఒక్కటీ ఊడలేదని రోజుకొకసారైనా ఎవరికో ఒకరికి చెప్పేవాడు. వినేవాళ్లు దొరక్కపోతే పిల్లికి చెప్పేవాడు.

ఆ పిల్లి పేరు బుడ్డి. రెండేళ్ల కిందట పని లేక సాంచాలు ఆగిపోయిన రోజుల్లో నూలు గంపలో దొరికింది. షెడ్డు మూగబోయిన ఆ రెండు నెలలూ ఇంట్లో చప్పుడు చేసిన ప్రాణి అదొక్కటే. అందుకే దేవదాస్ భార్య కళావతికి అదంటే పంచప్రాణాలు. దేవదాస్ మాత్రం కడుపు నిండిన పిల్లి ఎలుకను పట్టదనే సిద్ధాంతం పట్టుకుని, పాలన్నం తప్ప దానికి మరేదీ పెట్టకూడదని శాసించాడు. కిందటి సాయంత్రం కొత్త భీము ఎలుకల పాలు కాకుండా తనకు తోచిన చిన్న ఏర్పాటొకటి చేసి, బుడ్డిని షెడ్డులో వదిలి తలుపు వేశాడు.

పొద్దున చూస్తే భీము పదిలంగానే ఉంది. బుడ్డి మాత్రం దాని కింద నడుం పైకెత్తి ముడుచుకు కూర్చుంది. మూడు చోట్ల నురగ కక్కింది. పాలగిన్నె పెడితే మొహం తిప్పుకుంది.

"ఏమయ్యా, బుడ్డి పాలు ముడుతలేదు. ఏం జేసినవ్ దాన్ని?" అంది కళావతి.

"నేనేం జేస్త? ఎలుకను తిన్నదేమో."

ఈ మాట గోడ అవతల బీడీలు చుడుతున్న కనకవ్వ చెవిన పడింది. ఆమె చాట పక్కన పెట్టి వచ్చి, పిల్లి పొట్ట తడిమి, ఒక్క నిమిషంలో తేల్చేసింది.

"గిది కడుపుతోని ఉన్నది. నాలుగు కాన్పులైనదాన్ని, నాకు దెల్వదా?"

గంపలో పాతచీర పరిచి పురుడుకు ఏర్పాట్లు మొదలుపెట్టింది. కబురు వాడంతా పాకింది. రెండిళ్ల అవతల ఉండే మొగిలయ్య, తాటిచెట్లు గీసే మనిషి, పరుగున వచ్చాడు.

"కడుపేందే కనకవ్వా? గది మొగపిల్లి గదా! వేడి చేసింది. ఉత్త వేడి."

అలా తొమ్మిది కాకముందే ఆ పిల్లి ఒకే వాడలో రోగిష్టిదీ, నిండు చూలాలూ, మగదీ అయింది. కళావతి ఈ వాదనలేవీ వినకుండా పశువుల దవాఖానకు ఫోన్ చేసింది. డాక్టరు గంభీరావుపేటలో బర్రెలకు టీకాలు వేస్తున్నాడట. "నోట్ల ఏం పొయ్యకుండ్రి. పొద్దుగూకేదాక ఆగకుండ్రి. కోరుట్లల కుక్కలు, పిల్లులను చూసే మేడం ఉన్నది, ఎక్స్‌రే గూడ ఉన్నది. జెల్ది పోండ్రి" అన్నాడు ఫోనెత్తిన మనిషి. ఆగితే ఏమవుతుందని కళావతి అడిగింది. "జెల్ది పోండ్రి" అని అతను మళ్లీ అన్నాడు. ఆమె గంపను ఒళ్లో పెట్టుకుని, ఆ వాడలోనే ఉండే భూమేశ్ ఆటోలో కూర్చుంది.

దారిలో కాన్పయితే ఎవరు చూస్తారంటూ కనకవ్వ ఎక్కింది. అది మగదని డాక్టరు నోటితోనే చెప్పించాలని మొగిలయ్య ఎక్కాడు. అతకాల్సిన పోగుల వంక ఒకసారి చూసి దేవదాస్ కూడా ఎక్కాడు. వేములవాడ దాటేదాకా ఎవరి వైద్యం వారు చెప్పారు. ఆ తర్వాత బుడ్డి అరవడం కూడా మానేసింది, భూమేశ్ ఆటో వేగం పెంచాడు.

కోరుట్లలో డాక్టర్ ప్రవీణ రిజిస్టరు తెరిచింది. "పేరు?"

"బుడ్డి," అంది కళావతి.

"లచ్చి," అంది కనకవ్వ అదే క్షణంలో.

"సర్దార్," అన్నాడు మొగిలయ్య.

గుమ్మం దగ్గర నిలబడ్డ భూమేశ్ గొంతు సవరించుకున్నాడు. "మా ఇంట్ల టైగర్ అంటం, మేడం."

కళావతి ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. రెండేళ్లుగా ఆ పిల్లికి తాను తప్ప దిక్కు లేదని ఆమె అనుకుంటోంది. డాక్టరు మాత్రం నాలుగు పేర్లూ వరసగా రాసుకుంది.

"నిన్నటి సంది ఏమేం తిన్నదో దాచకుండ చెప్పుండ్రి. నోరు లేనిది. మీరు చెప్పేదే సగం పరీక్ష."

"పాలన్నమే, మేడం," అంది కళావతి.

"జెరంత కోడితోలు," అంది కనకవ్వ నేల చూస్తూ.

"కల్లు నురగ... గరిటెడు," అన్నాడు మొగిలయ్య.

"నిన్న పొద్దుగాల ఆమ్లెట్. రోజు పెడ్త," అన్నాడు భూమేశ్.

దేవదాస్ లేచి నిలబడ్డాడు. "కోడితోలు పెట్టి ఖూనీ జేసినవ్ గదనే కనకవ్వా! కల్లు తాపిస్తవా మొగిలయ్యా, గది నీ అల్లుడా? నేనైతే దానికి మెతుకు గూడ బెట్టలే మేడం. రాసుకోండ్రి!"

డాక్టరు అది రాసుకోలేదు. కళ్లు మూసుకుని రెండు చేతుల వేళ్లతో పిల్లి పొట్టను అంగుళం అంగుళం నొక్కి చూసింది. ఒకచోట వేళ్లు ఆగాయి. పిల్లి మూలిగింది. ఆమె కళ్లు తెరవకుండానే, "ఆడపిల్లే. కడుపుతోని మాత్రం లేదు" అంది. కనకవ్వ, మొగిలయ్య చెరి సగం గెలిచి ఊరుకున్నారు. నోరు చూద్దామంటే బుడ్డి పళ్లు బిగించింది. ముందు ఎక్స్‌రే తీస్తానని డాక్టరు దాన్ని లోపలికి తీసుకెళ్లింది.

తెర వెలిగింది. అందరూ తమకు తెలియకుండానే దగ్గరకు జరిగారు. చీకట్లో తెల్లగా వెన్నుపూసలు, ఒక్కటి కూడా వరస తప్పలేదు. వాటి కింద పక్కటెముకలు, సన్నగా, ఎడం ఎడంగా, సాంచాలో పోగులను విడదీసే అచ్చు పళ్లలా ఉన్నాయి. రోజూ కాళ్లకు అడ్డం పడే జీవిలో ఇంత పనితనం ఉందని దేవదాస్ ఎన్నడూ అనుకోలేదు. ఇది ఎవరి చేతి పనో గానీ, తన ముప్పై ఏళ్ల పని దాని ముందు ఎందుకూ చాలదనిపించింది. చేతులు జోడించబోయి, పక్కన మొగిలయ్య అప్పటికే జోడించాడని చూసి ఆగాడు.

"గీడ చూడుండ్రి. పేగులు సాఫీగ ఉండాలె. గివి ఒక్కకాడికి వచ్చి ముడతలు పడ్డయి," అంది డాక్టరు.

దేవదాస్ కళ్లద్దాలు తుడుచుకుని తెరకు ముక్కు ఆనించాడు. భయం, భక్తి అన్నీ మరిచిపోయి సాంచాల ఆసామిలా మాట్లాడాడు.

"మేడం, గిది బిగుసుకున్న పోగు పని. ఒక్క పోగు రెండు దిక్కుల పట్టుకున్నదంటే బట్ట గిట్లనే కుచ్చులు పడ్తది."

డాక్టరు ఆయన వంక ఆశ్చర్యంగా చూసింది. "నేనూ గదే అనుకుంటున్న. ఎక్స్‌రే జూసి గీ మాట చెప్పినవాళ్లను ఇంతవరకు చూడలే, పెద్దాయనా."

మత్తు సూది ఇచ్చి, పిల్లి నోరు తెరిచి, దవడ కింది నుంచి బొటనవేలితో నొక్కి నాలుక పైకి లేపింది. నాలుక మొదట్లో చుట్టుకుని, గొంతులోకి దిగిపోతూ, ఊదారంగు దారం కనిపించింది. అంతదూరంలో ఉన్న నొప్పి మొదలు ఇక్కడుందా అని కనకవ్వ నోరు నొక్కుకుంది. దారం కొస కనిపిస్తే ఊరుకోని చేయి దేవదాస్‌ది. అది ముందుకు సాగింది. డాక్టరు దాని మీద ఒక్కటి వేసింది.

"గుంజకుండ్రి! గుంజితే పేగులు కోసుకపోతయి."

అప్పుడు దేవదాస్ రంగును చూశాడు. మొగిలయ్య కూడా చూశాడు. ఆ ఊదారంగు ఈ నెల వాడలో ఒక్కరి భీము మీదే ఉంది.

"ఏం బెట్టినవయ్యా?" అంది కళావతి. గొంతు పెద్దది చేయలేదు.

"ఎండుచాప," అన్నాడు దేవదాస్ ఎవరికీ వినపడకుండా. రెండోసారి అందరికీ వినపడేలా చెప్పాల్సి వచ్చింది. "దారానికి కట్టి భీము మీద ఏలాడదీసిన. గా వాసనకు బుడ్డి ఆడనే ఉంటది, ఎలుకలు రావని. అందకుండ మూడు మూరల ఎత్తుల కట్టిన. అయినా అందుకున్నది."

"మరి నేను కోడితోలు బెడితే ఖూనీ జేసినట్టాయె గద దేవదాసూ?" అంది కనకవ్వ. చేప మాయమైతే బుడ్డి అక్కడే కాపలా ఉందని పొద్దున తాను సంతోషించిన సంగతి గుర్తొచ్చి దేవదాస్‌కు నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆపరేషన్ రెండు గంటలు పట్టింది. బయటి బల్ల మీద ఆ ఐదుగురూ ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు. కళావతి ఒక్కసారి మాత్రం కనకవ్వను, "లచ్చి అంటే పలుకుతదా?" అని అడిగింది. "పలుకుతది బిడ్డా," అంది కనకవ్వ. కళావతి ఆమె చేయి పట్టుకుంది.

డాక్టరు ప్రవీణ ఒక పళ్లెంతో వచ్చింది. "పానం దక్కింది. మూడు కాడ కోసి తీసిన. ఇంకొక్క పూట ఆగితే దక్కకపోయేది." పళ్లెంలో ఊదారంగు దారం, దాని కొసన ఒక ముడి ఉన్నాయి. "చాప మొత్తం కరిగింది. గీ ముడి మాత్రం ఇసుమంత గూడ కదల్లే. గింత గట్టి ముడి నేనెక్కడ చూడలే. ఎవరేసిండ్రు?"

దేవదాస్ నోరు తెరిచాడు. కళావతి వైపు చూసి మూసుకున్నాడు.

పదో రోజుకు బుడ్డి మళ్లీ నాలుగిళ్లలో నాలుగు పేర్లకూ పలకసాగింది. ముడిని మాత్రం డాక్టరు అడిగి తీసుకుంది. ఇప్పుడది కోరుట్లలో ఆమె బల్ల మీద గాజుసీసాలో ఉంది, కుక్కనో పిల్లినో తెచ్చిన ప్రతివాళ్లకూ ఆమె దాన్ని చూపిస్తుంది. తన ముడి ఊడదని దేవదాస్ ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు. కోరుట్ల వెళ్లొచ్చినవాళ్లే వచ్చి ఆయనకు చెబుతున్నారు.