టోకెన్ లేనిదే తెరవరాదు

పక్క గదిలో ఉన్న కంప్యూటరు మన కంప్యూటరుకు కనబడకపోవడం ఒక వరం! అవునండీ, వరమే. అదేదో పెద్ద జబ్బయినట్టు వైర్లు పీకి, పెట్టెలు ఆర్పి, మళ్లీ వెలిగించి, చెమటలు కక్కేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. కనబడని వస్తువు గురించి మిమ్మల్ని ఎవరైనా నిలదీయగలరా? "కనబడలేదు" అని చేతులు దులుపుకోవచ్చు. కనబడిందో, చచ్చారే!

ఇది గాలికి అంటున్న మాట కాదు. నేను ముప్పై రెండేళ్లు గూడ్స్ గార్డుగా చేసి రిటైరయ్యాను. ఖరగ్‌పూర్ ట్రాఫిక్ కాలనీలో మా తెలుగు క్రైస్తవ సహాయ సంఘానికి కమిటీ మెంబర్ని. మూడు కంప్యూటర్ల బాగోగులు దగ్గరుండి చూసినవాణ్ని.

కౌంటరు మీద ఒకటి. దాని ముందు ఏంజెలా కూర్చుంటుంది, ఇద్దరు పిల్లల తల్లి, ఆఫీసు పనంతా ఆవిడదే. సెక్రెటరీ గదిలో రెండోది. వెనక గదిలో, బీరువా పక్కన మూడోది. ఫైళ్లన్నీ అందులోనే: సభ్యుల జాబితా, బాప్తిస్మాల వివరాలు, సమాధుల రిజిస్టరు. పాత రిజిస్టరు పుస్తకాన్ని చెదలు తింటుంటే, తినగా మిగిలినదాన్ని ఏంజెలా టైపు చేసి ఎక్కించింది, పుస్తకాన్ని పారేశాం.

మొదటి ఆరు నెలలు మూడూ ఒకదానికొకటి కనబడలేదు. ఎంత సుఖమైన రోజులు! ఎవరొచ్చి ఏమడిగినా "నెట్‌వర్క్ లేదు" అనేవాళ్లం. వాళ్లు దండం పెట్టి వెళ్లిపోయేవారు. చక్కెర లేదంటే రేషన్ షాపు వాడి కాలరు పట్టుకునే జనం, నెట్‌వర్క్ లేదంటే ఎంత వినయంగా ఒప్పుకుంటారో గమనించారా?

ఆ సుఖాన్ని శ్రీనివాస్ చెడగొట్టాడు. విద్యాసాగర్ ఇండస్ట్రియల్ పార్కులో ఏదో ఫ్యాక్టరీకి కంప్యూటర్లు చూస్తాడు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక వచ్చి కూర్చుని, వెనక గది కంప్యూటరులో వర్క్‌గ్రూపు పేరు వేరుగా ఉందన్నాడు. ఉండదా మరి? సంఘంలోనే రెండు గ్రూపులుంటే కంప్యూటర్లన్నీ ఒకే గ్రూపులో ఎందుకుండాలి? అతను వినలేదు. పేర్లు కలిపాడు, ఏదో డిస్కవరీ ఆన్ చేశాడు, ఫోల్డరు షేర్ చేశాడు. మూడూ ఒకదాన్నొకటి చూసుకున్నాయి.

వాటితో పాటు ఎదురుగా ఉన్న టీకొట్టు టీవీ కూడా జాబితాలో ప్రత్యక్షమైంది! మా వైఫైని ఆరు నెలలుగా వాడుకుంటున్న మహానుభావుడు ఆ కొట్టు బెంగాలీ దాదాయేనని అప్పుడు తెలిసింది. మర్నాడు ఎవరు ఏది నొక్కారో గానీ, మా ఈస్టరు పాటల ప్రాక్టీసు వీడియో వెళ్లి ఆయన టీవీలో మోగింది. దాదా మన తెలుగు బాగానే పట్టాడు. రోడ్డు దాటి వచ్చి, "పాట ఠీక్ హై కాకూ, నా మ్యాచ్ ఏటయిపోనాది?" అని నిలదీశాడు.

"వైఫై పాస్‌వర్డ్ మార్చండి, ఫోల్డరుకో పాస్‌వర్డ్ పెట్టండి" అని చెప్పి శ్రీనివాస్ వెళ్లిపోయాడు.

చెప్పడం తేలిక! ఆ పాస్‌వర్డ్ ఎవరికి తెలియాలి? దాని మీద కమిటీ రెండు గంటలు కూర్చుంది. సెక్రెటరీ ఒక్కడికే తెలిస్తే రెండో గ్రూపు ఊరుకోదు. పదకొండు మందికీ తెలిస్తే దాన్ని నేరుగా గేటు మీదే రాయించొచ్చు. వైఫై సంగతి పై మీటింగుకు వాయిదా పడింది. ఫోల్డరు సంగతి మాత్రం మా సెక్రెటరీ విల్‌ఫ్రెడ్ తేల్చాడు. ఆయన రిటైర్డ్ సిగ్నల్ ఇన్‌స్పెక్టరు.

"పాస్‌వర్డ్ నోట్లో దాగదు. టోకెన్ అలక్కాదు. సేతిలో ఉంటే ఉంది, నేకపోతే నేదు" అన్నాడు.

టోకెనంటే తెలియనివారికి చెబుతాను. ఒకే లైను మీద రెండు బళ్లు ఎదురెదురుగా రాకుండా, పూర్వం స్టేషన్‌లో డ్రైవరు చేతికి ఒక ఇనుప బంతి ఇచ్చేవారు. అది చేతికొస్తేనే బండి కదలాలి. ఒకటి బయట ఉండగా స్టేషన్ మిషన్లోంచి రెండోది బయటికి రాదు. అలాంటి బంతి ఒకటి విల్‌ఫ్రెడ్ ఇంట్లో ఉంది. ఎలా ఉందని అడక్కండి. దాన్ని తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇకమీదట బంతి ఎవరి చేతిలో ఉంటే వాళ్లే ఫోల్డరు తెరవాలి! తీర్మానం ఏకగ్రీవం. అందరికంటే ముందు చప్పట్లు కొట్టింది నేనే.

నవ్వుతున్నారా? ఏ దేశం నుంచో ఏ హ్యాకరో ఎన్ని తంటాలు పడితే మాత్రం, మా విల్‌ఫ్రెడ్ ప్యాంటు జేబులో చెయ్యి పెట్టగలడా? పక్కనే హిజ్లీలో అంత పెద్ద ఇంజనీరింగు కాలేజీ క్యాంపసు ఉంది, సైకిళ్ల మీద అంతమంది ప్రొఫెసర్లు తిరుగుతున్నారు. ఒక్కరికైనా ఈ ఆలోచన తట్టిందా?

ఇలా ఉండగా, పోయిన నెలలో ఒక శుక్రవారం తెల్లవారుజామున సమూయేలు పోయాడు. వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసినవాడు. పొద్దున తొమ్మిదికల్లా ఆయన భార్య ఎస్తేరమ్మ ఆఫీసు గుమ్మంలో ఉంది.

వాళ్ల పెద్ద కూతురు నాలుగేళ్ల వయసులో జ్వరమొచ్చి పోయింది. నలభై ఆరేళ్ల నాటి మాట. ఆ పిల్ల పక్క చోటు అప్పుడే సమూయేలు తన పేరున రాయించుకున్నాడు. చెక్క సిలువ పుచ్చిపోయింది. నంబరు చీటీ క్వార్టర్ ఖాళీ చేసినప్పుడు పోయింది. మిగిలిన గుర్తులేమైనా ఉంటే, మొన్నటి వానలకు కమిటీయే మట్టి పోయించి చదును చేయించింది. ఇక రిజిస్టరులో నంబరు చూసి గోడ నుంచి లెక్కపెట్టుకోవడమే.

"పిల్ల పక్కనే ఎట్టమని సెప్పి పోనాడు తమ్ముడూ" అంది ఎస్తేరమ్మ. "నంబరు సూసి సెప్పు. గొయ్యి తవ్వీవోలు కూకున్నారు."

సాయంత్రం నాలుగింటికి భూస్థాపన. విల్‌ఫ్రెడ్ ఏమో విజయనగరంలో పెళ్లికని రైల్లో ఉన్నాడు. బంతి ఆయన జేబులో ఉంది. ఫోన్ చేశాను.

"టోకెన్ నా కాడే ఉంది. సోమారం వొచ్చేత్తాను. అందాకా ఎవులూ ముట్టుకోకండి. రూలు రూలే!"

ఏంజెలా తెర వంక చూసి మెల్లగా అంది: "ఫోల్డరు ఇక్కడే కనపడతంది అంకుల్. తెరిసీమంటారా?"

"టోకెన్ లేకుండానా?" అన్నాను, అచ్చం గార్డు గొంతుతో. ఏంజెలా మౌసు మీది నుంచి చెయ్యి తీసేసింది.

టోకెన్ అందకపోతే కాగితం మీద రాసిచ్చి బండిని పంపే పద్ధతి రైల్వేలో ఉంది. అలాంటి కాగితాల మీద నేనెన్ని బళ్లు నడిపానో! ఆ రోజు అది గుర్తు రాలేదని రాద్దామనుకున్నాను. గుర్తొచ్చింది. కానీ రూలు వెనక దాక్కుంటే ఉండే హాయి ఇంకెక్కడ ఉంటుంది చెప్పండి?

ఎస్తేరమ్మ రెండింటి దాకా బెంచీ మీద కూర్చుని లేచి వెళ్లింది. సాయంత్రం ఉజ్జాయింపున, తూర్పు గోడ వైపు మూడో వరసలో సమూయేలును పాతిపెట్టారు.

సోమవారం విల్‌ఫ్రెడ్ దిగాడు. ఎస్తేరమ్మా వచ్చింది. ఆయన జేబులోంచి బంతి తీసి మౌసు పక్కన పెట్టాడు. ఏంజెలా రెండు నొక్కులు నొక్కింది. రిజిస్టరు తెరుచుకుంది. ఎనిమిదో వరస, పద్నాలుగో నంబరు, పాప. పదిహేను ఖాళీ, సమూయేలు పేరు మీద.

ఎస్తేరమ్మ బంతి వంక చూసింది. కంప్యూటరు వంక చూసింది.

"ఇది దేంట్లో ఎట్టాల బాబూ?"

"దేంట్లోనూ ఎట్టక్కర్నేదమ్మా" అన్నాడు విల్‌ఫ్రెడ్.

"మరైతే ఆ పెట్టికి తాలం నేదా?"

లేదు. ఏనాడూ లేదు. ఎదురు కొట్టు దాదా తల్చుకుంటే టీ కాస్తూ ఆ పేజీ చదివి ఉండేవాడు. అందరికీ బార్లా తెరిచిన రిజిస్టరును ఆమె ఒక్కదానికే మూశాం. అది కూడా, కంటికెదురుగా కనబడుతుంటే! అది కనబడకుండా ఉండుంటే ఇవాళ ఆవిడ ముఖం చూడగలిగేవాణ్ని. నాకు సిగ్గుగా ఉంది.

ఎస్తేరమ్మ వెళ్తూ గుమ్మం దగ్గర ఆగి నన్నడిగింది.

"రేపు నన్నెక్కడ ఎడతారు తమ్ముడూ? ఆయన కాడా, పిల్ల కాడా?"

విల్‌ఫ్రెడ్ అర్జీ పెట్టుకోమన్నాడు. వచ్చే మీటింగులో పరిశీలిస్తామని మినిట్స్ పుస్తకంలో రాసి, కింద సంతకం పెట్టింది నేనే.