ప్రజాసేవ జ్వరం

"ఈ క్షణం నుంచి కర్నూలు జిల్లాలో బ్రూసెల్లోసిస్ రద్దు!"

2006 వేసవిలో నందికొట్కూరు సభలో మంత్రి దేవేంద్రప్ప ఇలా ప్రకటించగానే చప్పట్లు మార్మోగాయి. రద్దయిందేమిటో తెలిసింది మాత్రం పశువుల డాక్టరు కృపమణికే. అది మేకలు నెలలు నిండకముందే ఈసుకుపోయే రోగం. పచ్చిపాలు తాగితే మనుషులకూ అంటుకుంటుంది.

చుట్టుపక్కల మేకల్లో నూటికి ఇరవైకి ఆ రోగముందని ఆమె రిపోర్టు పంపి మూడు నెలలైంది. పై అధికారి సుదర్శన్ దాన్ని శ్రద్ధగా చదివాడు.

"లేని రోగాన్ని ఎందుకమ్మా ఎతుకుతాండావు? ఎతకబట్టే కదా దొరుకుతాండాది!" అని హితవు చెప్పాడు.

మేకల కాపరి తిమ్మన్న కూడా సభకొచ్చాడు. అయిదు నెలలుగా అతనికి సాయంత్రమైతే జ్వరం, దుప్పటి తడిసేంత చెమట, కీళ్లన్నీ సలుపు. టౌను డాక్టరు మొదట మలేరియా అన్నాడు, తర్వాత టైఫాయిడ్ అన్నాడు, చివరికి వయసు అన్నాడు. తిమ్మన్నకు ముప్పై నాలుగేళ్లు.

మంత్రిగారు ఉత్త మాటల మనిషి కాదు. "మేకను తెండప్పా!" అన్నారు. తిమ్మన్న మేకనే తెచ్చి చెంబులోకి పిండారు.

"సార్, కాచి తాగండి" అంది కృపమణి.

"కాస్తే రోగం ఉండాదని ఒప్పుకున్నట్లు కాదామ్మా!"

గటగటా తాగేశారు. ఫొటో సరిగా పడలేదంటే విసుక్కోకుండా ఇంకో చెంబు తాగారు. నాయకుడంటే అట్లుండాల!

మూడు వారాలకు మంత్రిగారికి జ్వరం మొదలైంది. శాసనసభలో చెమటతో చొక్కా తడిసిపోతుంటే, ప్రశ్నలకు భయపడ్డారని ప్రతిపక్షం సంబరపడింది. హైదరాబాదులో పెద్ద డాక్టర్లు రక్తం తీశారు.

సుదర్శన్ ఫోన్ చేశాడు. "అమ్మా, కొంప మునిగింది. సారు రక్తంలో అదే దొరికింది!"

"ఆరు వారాలు రెండు రకాల మాత్రలు వాడితే నయమవుతుంది సార్."

"మాత్రలకేమమ్మా! రోగానికి పేరేం పెట్టాల? పాతది రద్దయింది కదా!"

మర్నాడే ఉత్తర్వు వెలువడింది. రోగం పేరు 'ప్రజాసేవ జ్వరం'. ఎండనక వాననక తిరిగే ప్రజాప్రతినిధులకు మాత్రమే వస్తుంది. మందులు ఉచితం.

కృపమణికి ప్రాణం లేచొచ్చింది. వెంటనే సుదర్శన్‌కు ఫోన్ చేసింది. "సార్, తిమ్మన్న రక్తమూ పరీక్ష చేయించాను, అదే ఉంది. ఆయనకూ ఇప్పించండి."

"ఆయప్ప ప్రజాప్రతినిధా?"

"మేకల కాపరి సార్."

"మరి ఆయప్పకెట్లా వస్తాదమ్మా?"

అంతలో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. తిమ్మన్న ఊళ్లో పది వార్డులకు, అతనితో సహా జ్వరమున్న నలభైమంది మేకల కాపరులు పోటీకి దిగారు. ఫారాలన్నీ కృపమణే కూర్చుని నింపిపెట్టింది. పల్లెల్లో సేవాభావం ఇంతగా పొంగినందుకు మంత్రిగారు పత్రికలవాళ్ల ముందు కళ్లు తుడుచుకున్నారు.