నాన్న పొట్ట మీద ఉప్పునీళ్ళ పంపు

ఆ రోజు పథకం చాలా సులువైనది. నాన్న పొద్దున్నుంచి, సన్నని గొట్టంతో పొట్టలోకి మందు ఎక్కించే ఇన్సులిన్ పంపు తగిలించుకుని తిరగాలి, సాయంత్రం ఐదేళ్ళ బుజ్జమ్మ తగిలించుకోవాలి. పిల్లకు షుగరు ఉందని తేలి నెల కూడా కాలేదు, పూటపూటా సూదులతో ఇల్లు దద్దరిల్లుతోంది. పంపు ఉంటే ఇన్ని సూదులు అక్కర్లేదని ఆసుపత్రి నర్సమ్మ ఎంత చెప్పినా బుజ్జమ్మ వినలేదు. "ముందు నాన్న పెట్టుకోవాలి. సాయంత్రం దాకా తీయకూడదు. అప్పుడు చూస్తా," అని తీర్పు చెప్పింది. సూది పేరెత్తితేనే కళ్ళు తేలేసే నాన్న, ఆసుపత్రివాళ్ళు అలవాటు కోసం ఇచ్చే, మందు బదులు ఉప్పునీళ్ళు నింపిన సాధన పంపును పొట్ట మీద పెట్టించుకుని వీరుడిలా ఆఫీసుకు వెళ్ళాడు.

మధ్యాహ్నం మీటింగులో పంపు కీచుమని మోగసాగింది. వీరుడు బెల్టు మరీ బిగించడంతో గొట్టం నలిగింది.

పక్క సీటు పెద్దాయన చొక్కా కింద గొట్టం చూశాడు. "అయ్యో, నీకు షుగరా? చెప్పనేలేదే!"

"నాకు కాదండీ, మా అమ్మాయికి. ఇందులో ఉన్నవి ఉప్పునీళ్ళే!"

"షుగరు పడిపోతే ఇలాగే తిక్కతిక్కగా మాట్లాడతారు," అని క్యాషియరమ్మ తేల్చేసింది. ఆవిడ మేనమామకూ షుగరే కాబట్టి ఆ మాటకు తిరుగు లేకపోయింది.

వెంటనే నాన్న నోటినిండా గ్లూకోజు పొడి కుక్కారు. ఇక అతను నిజం చెప్పే దారి కూడా మూసుకుపోయింది. "మాట పడిపోయిందయ్యా!" అంటూ మేనేజరు అంబులెన్సుకు ఫోన్ చేశాడు. "ముందు ఆ మాయదారి మిషను పీకెయ్యండి!" అని ఇంకెవరో అరిచారు. నాన్న రెండు చేతులతో పొట్ట పట్టుకుని బల్ల కిందికి దూరాడు. దాంతో మతి కూడా పోయిందని అందరికీ నమ్మకం కుదిరింది.

స్ట్రెచరు చేరింది, పంపు పెట్టించడానికి బుజ్జమ్మ, అమ్మ ముందే వచ్చి కూర్చున్న ఆసుపత్రికే. పంపుతో నడిచి వెళ్ళిన మనిషిని మోసుకురావడం చూసి అమ్మ పరుగెత్తుకొచ్చింది. ఇక పిల్ల ఈ జన్మలో పంపు ముట్టుకోదనుకుంది.

బుజ్జమ్మ స్ట్రెచరు దగ్గరకొచ్చి నిలదీసింది. "తీసేశావా?"

నాన్న చొక్కా ఎత్తి చూపించాడు. "అందరూ లాగబోయారమ్మా. నేను ఇవ్వలేదు."

పిల్ల వెళ్ళి నర్సమ్మ ముందున్న కుర్చీ ఎక్కింది. "నాక్కూడా పెట్టెయ్యండి. నాన్నొక్కడికే ఉంటే అందరూ ఏడిపిస్తారు."

సూది దిగినప్పుడు పెదవి వణికింది గానీ, నాన్న చెయ్యి వదల్లేదు. ఆ చిన్న చెయ్యి తనకే ధైర్యం చెబుతోందని తెలిసి నాన్నకు కన్నీళ్ళు ఆగలేదు.

"ఇక మీది తీసేద్దాం," అంటూ నర్సమ్మ అతని పొట్ట మీది ప్లాస్టరును వెంట్రుకలతో సహా ఒక్క లాగు లాగింది. ఆ కేకకు వరండాలోని పిల్లలెవరూ బెదరలేదు. తమ పిల్లల కోసం సాధన పంపు పెట్టించుకోవడానికి వచ్చిన ఇద్దరు నాన్నలు మాత్రం లేచి ఇంటిదారి పట్టారు.